నామినేషన్ కాగితం మీద నా సంతకం

నేను చెప్పుకుంటూ పోతుంటే రాసే అమ్మ రాసుకుంటున్నది. నా మాటను పుస్తకాల తెలుగులోకి దిద్దుకో తల్లీ, జనం అన్న మాటలు మాత్రం అన్నవి అన్నట్టే ఉంచు అని చెప్పాను. నాకు రాయడం వచ్చింది నా పేరు ఒక్కటే. ఆ ఒక్క పేరు రాసినందుకు ఏం జరిగిందో, అది చెప్తాను.

హోసూరులో మా మరిది టైల్స్ అంగడి ముందర ఒక గట్టు ఉంది. మరిది అంటే, పోయిన నా మొగుడి తమ్ముడు. ఆ గట్టు మీద కూర్చుని పదకొండేళ్ళు పూలు అమ్మాను. తళి వైపు తోటల నుంచి పొద్దున్నే బస్సులో మూటలు వస్తాయి. మల్లె, కనకాంబరం, చామంతి. అరటినారతో కడతాను, మూర వేసి ఇస్తాను. నేను పెట్టుకోకూడదు, ఊరంతటికీ నేనే కట్టివ్వాలి. అది నా బతుకు.

మా వెనక సందులో మేడ మీద గదిలో ఇద్దరు మగవాళ్ళు అద్దెకు ఉండేవారు. ఒకతను ఈ ఊరివాడే. ఫ్యాక్టరీలో ఫిట్టరుగా చేసి, పనివాళ్ళ తరఫున కొట్లాడి, ఉద్యోగం పోగొట్టుకున్నాడు. ఆ తర్వాత సందులో అందరికీ అర్జీలు రాసి పెట్టడం మొదలుపెట్టాడు. మాకు నోటికి తెలుగు, అంగడికి అరవం, సంతకు కన్నడం. చేతికి మాత్రం ఏదీ రాదు. కుళాయి రాకపోతే అతను, రేషన్ కార్డులో పేరు ఎగిరిపోతే అతను. నా విధవ పింఛను అతను రాసిన కాగితంతోనే వచ్చింది. నన్ను అత్తా అని పిలిచేవాడు. రెండో ఆయనది కల్లావి అనే ఊరు. మందుల అంగడిలో పని. పిలిస్తే తప్ప పలికేవాడు కాదు. రాగిసంగటి చేసిన రోజు ఇద్దరికీ ఒక గిన్నె పైకి పంపేదాన్ని. గిన్నె కడిగి, తుడిచి, బోర్లించి తెచ్చి ఇచ్చేది కల్లావి ఆయనే.

ఫిట్టరుకు ముప్పై ఆరు దాటాయి, పెళ్ళి లేదు. మాలో దానికి ఒకటే అర్థం: జాతకంలో దోషం. ఏ దోషానికైనా ఒక పూజ ఉంటుంది కదా అని నేనే పట్టుకున్నాను. సూళగిరి దగ్గర మా తమ్ముడి కూతురు ఉంది, ఇరవై ఎనిమిది నిండాయి, దానికీ కుదరడం లేదు. దాని జాతకం తెచ్చాను.

"వద్దత్తా," అన్నాడు.

సిగ్గు అనుకున్నాను. ఇంకోసారి అడిగాను. "వద్దంటే ఇనవే నువ్వు," అని నవ్వాడు. సిగ్గు ముదిరింది అనుకున్నాను. అతను చెప్పకపోతేనేం అని, అతని నక్షత్రం కల్లావి ఆయన్ను అడిగాను. నక్షత్రం, పాదం, పుట్టిన గంట, ఏ ఆసుపత్రిలో పుట్టాడో అన్నీ చెప్పాడు ఆయన, మెట్ల మీద నిలబడి, తడిచేతులు లుంగీకి తుడుచుకుంటూ. స్నేహితుడు పుట్టిన గంట అంత బాగా తెలిసిన మగవాణ్ణి నేను ఎక్కడా చూడలేదు. అప్పుడైనా నాకు తట్టలేదు. ఆ గంట పట్టుకుపోయి పూజారి చేత రెండు జాతకాలూ పక్కపక్కన పెట్టించాను. పది పొంతనలకు ఎనిమిది కుదిరాయి అన్నాడు పూజారి. నాకు ఆ రోజు కాళ్ళు నేల మీద నిలవలేదు. ఆ కాగితాలు తీసుకుపోయి మూడోసారి అడిగాను, అప్పుడూ వద్దనే అన్నాడు.

ఇంతలో కార్పొరేషన్ ఎన్నికలు వచ్చాయి. ఒక పొద్దున నేను మల్లెలు కడుతుంటే ఫిట్టరు వచ్చి గట్టు పక్కన కూర్చున్నాడు.

"అత్తా, మన వార్డుకు నిలబడతా ఉండాను. పార్టీ ఏమీ లేదు, ఒంటిగానే. ఈ వార్డులో ఓటుండే మనిషి ఒకరు నన్ను నిలబెడతా ఉండామని కాగితంలో సంతకం పెట్టల్ల. నువ్వు పెడతావా?"

"నేనా? నీకేమన్నా తిక్క పట్టిందేమిరా? మొట్టమొదటి కాగితానికి ముండమోపి చెయ్యి తగిలిస్తే యాడ గెలుస్తావు నువ్వు?"

"నీ ఓటు చెల్లుతుంది గదా. చెయ్యి ఎందుకు చెల్లదు?"

మొగుడు పోయినప్పటి నుంచి ఎవరైనా మంచి పనికి బయలుదేరుతుంటే నేను తలుపు వెనక్కి పోతాను. ఎవరూ చెప్పకముందే పోతాను. సొంత తమ్ముడి ఇంట్లో కూడా అంతే. అలాంటిది ఒక మగవాడు వెతుక్కుంటూ వచ్చి మొదటి సంతకం నీదే కావాలి అంటే ఒళ్ళు ఝల్లుమన్నది. వెంటనే సరే అన్నాను. ఏం చెప్పి ఓట్లు అడుగుతావురా అని ఒక్క మాట అడగలేదు.

నామినేషన్‌కు అది ఆఖరి రోజు. అతను, నేను, ఫైలు పట్టుకుని కల్లావి ఆయన, ముగ్గురం పోయాము. లోపల మేజా వెనక ఒక ఆఫీసరమ్మ కూర్చుంది. చెప్పులు గుమ్మం బయట విడిచి లోపలికి పోయాను. "చెప్పులు వేసుకునే రావొచ్చమ్మా," అన్నదామె అరవంలో. నాకు అలవాటు లేదు. వేలు చూపించిన చోట నా పేరు రాశాను. అక్షరాలు పైకి ఎగబాకాయి. అయినా నా పేరే.

బయటికి రాగానే ఫోను, చిన్న మైకు పట్టుకున్న ఒకడు అడ్డం వచ్చాడు. ఊరి వార్తలు ఫోన్లలో వేసేవాడట. ఏం చేస్తారు, ఏం తెస్తారు అని అడిగాడు. కాలువ, కుళాయి, వీధి దీపాలు అని అతను చెప్పాడు. నేను పక్కనే, పట్టుచీర కాకపోయినా ఉతికిన చీరలో, మొహం మెరిసిపోతూ నిలబడి ఉన్నాను. తర్వాత ఆ మైకువాడు నవ్వుతూ అన్నాడు, పెండ్లాం పిల్లలు లేని మనిషివి, నీకు ఇల్లిల్లు తిరిగి ఓటు అడిగేది ఎవరు అని.

అతను మైకు వైపు తిరిగాడు. అరవంలో చెప్పాడు. మళ్ళీ అదే తెలుగులో చెప్పాడు.

"నాకు పెండ్లాం లేదన్నా, ఉండబోదు. నేను మగోళ్ళను ఇష్టపడే మగోణ్ణి. తొమ్మిదేండ్లుగా ఒక మనిషితో కాపురం చేస్తా ఉండాను. దాన్ని దాచి ఓటు అడగను. నాలాంటోళ్ళు ఈ ఊర్లో ఉండారు. వాళ్ళకూ నీళ్ళు కావల్ల, వాళ్ళకూ ఓటుంది. ఇంతవరకు ఎవరూ నిలబడి చెప్పలేదు, నేను చెప్తా ఉండాను."

 మైకువాడి నవ్వు ఆగిపోయింది. నేను పక్కకు తిరిగి చూశాను. కల్లావి ఆయన ఫైలును రొమ్ముకు గట్టిగా అదుముకుని తల వంచుకుని ఉన్నాడు. కళ్ళ నీళ్ళు ఫైలు మీద పడుతున్నాయి. ఆ ఒక మనిషి ఎవరో అప్పుడు తెలిసింది.

నాకు మొట్టమొదట వచ్చిన ఆలోచన చెప్పడానికి సిగ్గుగా ఉంది, అయినా చెప్తాను. వీళ్ళు నా ఇంటి సంగటి తిన్నారే అనుకున్నాను. రెండోది మా తమ్ముడి కూతురు. దాని గొంతు నేనే తీసుకుపోయి కోయించబోయానే అనుకున్నాను. ఎవరితోనూ మాట్లాడకుండా నడిచి వచ్చేశాను. మిట్టమధ్యాహ్నం, తారు రోడ్డు. గట్టు మీద కూర్చున్న తర్వాత చూసుకుంటే కాళ్ళకు చెప్పులు లేవు. అరికాళ్ళు ఎర్రగా కమిలి ఉన్నాయి.

నాకన్నా ముందే ఆ వీడియో వచ్చేసింది సందులోకి. అందులో అతను ఎంత కనపడుతున్నాడో నేనూ అంతే కనపడుతున్నాను. ఆ మాట అతని నోట్లోంచి వచ్చేటప్పుడు నేను పళ్ళన్నీ బయటపెట్టి నవ్వుతున్నాను. అర్థం కాకముందు నవ్వు అది. చూసేవాళ్ళకు అది ఎట్లా తెలుస్తుంది?

పక్కన కూరగాయలు అమ్మే ఆమె ఊరుకుంటుందా. "ఏమక్కా, మీ తమ్మునికి బలే అల్లుణ్ణి చూసినావే! ఒకే పందిట్లో ఇద్దరు పెండ్లికొడుకులు! మాలలు రెండింతలు అమ్ముడుపోతాయి, నీకేమి తక్కువ!"

"నోరు మూసుకోవే. నీ వంకాయల్లో పురుగులు ఏరుకో పో," అన్నాను. అన్నాను కానీ ఆ పూట కట్టిన ముడి ఒక్కటీ నిలవలేదు.

పొద్దు వాలకముందే మరిది అంగడిలోంచి బయటికి వచ్చాడు. మామూలుగా నాతో నిలబడి మాట్లాడే మనిషి కాదు. ఆ రోజు కుర్చీ తెచ్చుకుని కూర్చున్నాడు. మరిది పాత కౌన్సిలరు మనిషి, ఆ కౌన్సిలరు ఈసారీ నిలబడ్డాడు. అంగడికి కావలసిన అనుమతులన్నీ ఆ కౌన్సిలరు దయే.

"వదినా, జరిగింది జరిగిపోయింది. రేపు పదకొండు గంటలకు నామినేషన్లు అన్నీ ఒకటొకటిగా చూస్తారు. మా వకీలు లేచి, ఆ సంతకం ఈమెది కాదు, ఈమెకు రాసేది రాదు అంటాడు. నిన్ను పిలుస్తారు. నువ్వు ఒకే ఒక మాట చెప్పల్ల. పింఛను కాగితమని చెప్పి పెట్టించుకున్నాడు, నాకేమీ తెలీదు సామీ, అని. అంతే. వాని కాగితం కొట్టేస్తారు."

"పింఛను కాగితం అని చెప్పలేదప్పా వాడు."

"చెప్పలేదని ఎవురికి తెలుసు? అంతకు ముందు పింఛనుకు పెట్టినావు గదా. ఎవరైనా నమ్ముతారు. మోసపోయిన ముసిల్ది అని అయ్యో అంటారు. లేకుంటే ఏమంటారో తెలుసునా? తెలిసే పెట్టిందంటారు. మన ఇంటి ఆడోళ్ళ పేరు ఏమవుతుంది?" అని, గట్టు వైపు చూశాడు. "ఈ గట్టు మీద నువ్వు కూర్చుంటే నేను ఎప్పుడన్నా వద్దన్నానా?"

అది ప్రశ్న కాదు. నాకూ తెలుసు.

చెప్పడానికి ఎంత సులభమైన అబద్ధం అది. నిజం కంటే నమ్మేటట్టుగా ఉంది. నిజంగానే నన్ను మోసం చేశాడు కదా అని కూడా అనుకున్నాను. ఆ కోపంతోనే మేడ మెట్లు ఎక్కాను.

గది తలుపు దగ్గర నా చెప్పులు జతగా పెట్టి ఉన్నాయి, దుమ్ము తుడిచి. తలుపు తీసింది కల్లావి ఆయన. నేను లోపలికి పోలేదు. గడప బయటే నిలబడ్డాను.

"ఏరా, చెప్పకూడదా? మూడుసార్లు జాతకం తెచ్చినాను. పూజారికి నా మొహం ఎట్ల చూపించేది? నా తమ్ముని బిడ్డను నీ నెత్తిన కట్టి ఉంటే?"

"కట్టనిచ్చేవాణ్ణి కాదత్తా. మూడుసార్లూ వద్దన్నాను గదా," అన్నాడు ఫిట్టరు.

"వద్దంటే? ఎందుకు వద్దో చెప్పల్ల!"

"చెప్పి ఉంటే సంగటి పంపించి ఉంటావా?"

 కోపం కల్లావి ఆయన మీదికి మళ్ళింది. "నువ్వేమి మనిషివి? నేనొచ్చి వీనికి పెండ్లి చెయ్యల్లని నక్షత్రం అడిగితే, గంటతో సహా చెప్తావా? నోరెట్ల వచ్చింది నీకు?"

"నువ్వు అడిగినావు. నాకు తెలుసు. నాకు తెలుసని ఒకరికన్నా చెప్పల్లనిపించింది అత్తా," అన్నాడు. అంతవరకు ఆయన నాతో అన్ని మాటలు ఒకేసారి మాట్లాడలేదు.

నా నోరు మంచిది కాదు. అడిగేశాను. "సరే, మీ ఇద్దర్లో పెండ్లాం ఎవురు?"

ఫిట్టరు నుదురు రుద్దుకున్నాడు. "ఎవురూ కాదు. వంట ఈయన చేస్తాడు, గుడ్డలు నేను ఉతుకుతాను. గిన్నెలకు రోజూ కొట్లాట."

"అయితే ఇద్దరూ పెండ్లాలే! మొగుడే లేడు ఈ కొంపలో!"

ముగ్గురికీ నవ్వు వచ్చింది. వచ్చినందుకు నా మీద నాకే మండింది. నవ్వు ఆపుకుని అడిగాను. "ఏమిరా ఇది? నీళ్ళ కుళాయి అని చెప్పి ఓట్లు అడుక్కోకూడదా? ఈ మాట ఎత్తకుంటే గెలిచి ఉంటావు గదా!"

"గెలుస్తాను. గెలిచినంక పాత కౌన్సిలరు నన్ను పిలిచి, నీ సంగతి నాకు తెలుసు, ఆ కాలువ పని నా మనిషికి ఇయ్యి, లేకుంటే ఊరంతా చెప్తాను అంటాడు. నేను ఇస్తాను. నీ సందు కాలువ అట్లనే కంపు కొడతా ఉంటుంది. ఇప్పుడు ఊరంతా నేనే చెప్పేసినాను. ఇంక దేనితో బెదిరిస్తాడు?"

"మీ మరిది వచ్చినాడని తెలుసు," అన్నాడు మళ్ళీ. "రేపు నీకు ఏం చెప్పల్లనిపిస్తే అది చెప్పు. నీ గట్టు పోతుందని నాకు తెలుసు. నిన్ను తప్పు పట్టను."

"మా నాయన ఫోను చేసినాడు," అన్నాడు కల్లావి ఆయన, నాతో కాదు, గోడతో. "ఊరి పక్కకు రావద్దన్నాడు."

నేను చెప్పులు వేసుకుని దిగి వచ్చేశాను. కమిలిన కాళ్ళకు ఆ చెప్పులు గుచ్చుకున్నాయి. నన్ను అడగండి ఆ ఇద్దరి మీద ప్రేమ పుట్టిందా అని. పుట్టలేదు. రోత పోయిందా అంటే, అదీ పోలేదు. తెల్లవారితే ఏం చెప్పబోతున్నానో కూడా నాకు తెలియదు.

మర్నాడు మరిదే తన బండి మీద తీసుకుపోయాడు. హాలు నిండా మగవాళ్ళు. ఫిట్టరు ఒక మూల ఒంటరిగా ఉన్నాడు. అతని పక్క కుర్చీలు రెండు వైపులా ఖాళీ. అతని పేరు రాగానే కోటు వేసుకున్న వకీలు లేచి మరిది చెప్పినట్టే చెప్పాడు. ఆఫీసరమ్మ నన్ను ముందుకు పిలిచింది. తెల్లకాగితం ఇచ్చి పేరు రాయమన్నది. అందరూ చూస్తుండగా రాయడం నాకు అదే మొదటిసారి. నిన్నటికంటే వంకర పోయింది. ఆమె రెండు కాగితాలూ పక్కన పెట్టుకుని చూసింది.

"ఈ సంతకం మీదేనా?"

"నాదే."

మరిది గట్టిగా దగ్గాడు.

"ఏం కాగితమని చెప్పి పెట్టించుకున్నారు?"

గట్టు కళ్ళ ముందు కనపడింది. ఒక్క మాట. పింఛను అంటే చాలు. నోటి దాకా వచ్చింది కూడా.

"ఓటుకు నిలబడే కాగితమని చెప్పినాడు," అన్నాను. "చెప్పే పెట్టించుకున్నాడు."

వకీలు ఊరుకోలేదు. "అమ్మా, ఆయన ఎట్లాంటి మనిషో అది చెప్పినాడా నీకు? అది తెలిసి ఉంటే సంతకం పెట్టి ఉంటావా?"

నేను ఫిట్టరు వైపు చూశాను. అతను నన్నే చూస్తున్నాడు. అబద్ధం చెప్పనని వచ్చిన దాన్ని ఒక వైపు మాత్రం ఎట్లా చెప్పను?

"చెప్పలేదు. తెలిసి ఉంటే పెట్టి ఉండను."

హాలులో గుసగుస లేచింది. ఫిట్టరు తల దించుకున్నాడు. వకీలు రెండు చేతులూ చాచి, చూసినారా మేడం అన్నాడు.

"అయితే?" అన్నాను వకీలుతో. "పెట్టి ఉండను, కానీ పెట్టినాను గదా. నేను పెట్టిన సంతకం నేను పెట్టలేదని ఎట్ల చెప్పేది? నాకు వచ్చిందే అదొక్కటి."

ఆఫీసరమ్మ రెండు సంతకాలూ మరోసారి చూసింది. కాగితం మీద ముద్ర కొట్టింది. అతని నామినేషన్ నిలబడింది.

మరిది నన్ను అక్కడే వదిలి బండి తీసుకుని వెళ్ళిపోయాడు. మెట్ల దగ్గర ఫిట్టరు నా వెనకే వచ్చాడు.

"నిజంగానే పెట్టి ఉండవా అత్తా?"

"నిజంగానే."

"సరే," అన్నాడు. బస్సు దాకా నాతో నడిచాడు. 

తెల్లవారి పోయేసరికి గట్టు మీద టైల్స్ పెట్టెలు పేర్చి ఉన్నాయి. బస్టాండు ప్రహరీ పక్కన గోనెపట్ట పరుచుకుని కూర్చున్నాను. నీడ లేదు, మల్లెలు పది గంటలకే వాడిపోతాయి. ఎన్నికల్లో ఫిట్టరు ఓడిపోయాడు. కానీ డిపాజిట్ పోతుందని పందెం కాసినవాళ్ళు తెల్లబోయారు. మా వార్డులో రెండో స్థానం అతనిదే. ఇన్ని ఓట్లు ఎవరు వేశారురా అని ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. నేను కూడా చూశాను. ఇప్పటికీ అతను అర్జీలు రాస్తున్నాడు. ఇద్దరూ ఒకే బండి మీద పోతుంటే కడుతున్న దండ ఒకసారి ఆపుతాను. అలవాటైపోయింది అని నేను చెప్పను.

లెక్కింపు అయిన వారానికి మా తోటికోడలు, మరిది పెండ్లాం, బస్టాండు దగ్గరికి వచ్చింది. కొంగు తల మీద కప్పుకుని, అటూ ఇటూ చూసుకుంటూ. రెండు మూరల మల్లె అడిగింది. నేను కొలుస్తున్నాను.

"అక్కా, నేను ఆయనకే వేసినాను," అన్నది.

"ఎవురికి?"

"నువ్వు సంతకం పెట్టినావే, ఆయనకు. ఈయనకు చెప్పొద్దు."

నేను మూర వేయడం ఆపేశాను. "నువ్వా? ఎందుకే?"

"మా తమ్ముడు జ్ఞాపకం ఉండాడా నీకు? పెండ్లి కుదిర్చినాము, పెండ్లికి పది దినాలు ఉండంగా పోయినాడు గదా."

"కడుపునొప్పి తాళలేక ఉరేసుకున్నాడు గదా..."

"కడుపునొప్పి కాదక్కా. పోలీసోళ్ళకు అట్ల చెప్పినాము, ఊరికీ అట్లనే చెప్పినాము. వాడు మా అమ్మ కాళ్ళు పట్టుకుని చెప్పినాడు, నాకు ఆడపిల్ల వద్దు, నాకు మగోళ్ళంటేనే ఇష్టం అని. మేమే కూర్చోబెట్టి పెండ్లి కుదిర్చినాము. నేనే జాతకాలు చూపించినాను."

ఆ పిల్లవాడి దినానికి నేను పోయాను. అన్నం తిని వచ్చాను. మంచి డాక్టరుకు చూపించి ఉండకూడదా అని వాళ్ళమ్మకు బుద్ధి చెప్పి కూడా వచ్చాను.

నా చేతిలో దండ ఎక్కడి దాకా కొలిచానో మర్చిపోయాను. మళ్ళీ మొదటి నుంచి కొలవడం మొదలుపెట్టాను. అది ఎదురుగా నిలబడి, కొంగు నోట్లో కుక్కుకుని ఏడుస్తూ ఉంది.